పెద్దమ్మ కూర్చున్న పెట్టెలు

మొన్న కోహ్కాలో ఇప్పటి మా ఇంటి గుమ్మం ముందు ఎవరో పార్సిల్ పెట్టె వదిలి వెళ్తే, అది జల్లుకి నాని మెత్తబడి, పులిసిన పిండి వాసన వేసింది. చిన్నప్పటి షెడ్డు గుర్తొచ్చింది, ఏడుపేమీ రాలేదు. పెట్టె తీసి లోపల పెట్టాను.

నా చిన్నతనంలో ఇదే ఊళ్ళో క్యాంప్ 2 అనే బస్తీలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నాన్న అట్టపెట్టెలు చేసేవాడు. శ్రీకాకుళం నుంచి ఉక్కు ప్లాంటులో పనికని వచ్చి, అది దొరక్క, నట్లూ బోల్టులూ చేసే చిన్న కార్ఖానాలకి పెట్టెలు కట్టడంలో దిగాడు. గోడవారన ముడతల అట్ట చుట్టలు, మైలతుత్తం కలిపి ఉడికించిన మైదా బంక, తీగ కుట్లు వేసే మిషన్ టకటక, ఎండాకాలం రేకుల కింద ఊపిరాడని ఉడుకు, వానాకాలం ప్రతిదానికీ పట్టే చెమ్మ, వీటి మధ్యే పిల్లలం అట్ట ముడతల్ని గోళ్ళతో గీరి చప్పుడు చేస్తూ, పెద్ద పెట్టెల్లో దూరి దాక్కుంటూ ఆడుకునేవాళ్ళం.

పెట్టె గట్టిదనం చూడ్డానికి నాన్న దగ్గర యంత్రం లేదు. మా పెద్దమ్మ ఉండేది. అమ్మకి అక్క, భర్త పోయాక మా ఇంటికే వచ్చేసిన మనిషి, భారీ విగ్రహం. కొత్త అట్ట వచ్చినప్పుడల్లా నాన్న ఖాళీ పెట్టె మూసి బోర్లించి, "వదినా, ఓపాలి కూకో" అనేవాడు. ఆవిడ టీ గ్లాసుతో వచ్చి కూర్చుని, టీ అయ్యేదాకా కబుర్లు చెప్పి లేచేది. పక్కలు ఉబ్బకపోతే పెట్టె పాసు.

ఒక వానాకాలం నాన్న కాస్త పలచటి అట్ట తెప్పించాడు. అయినా అన్నీ పాసయ్యాయి. మంచి సరుకు దొరికిందని సంబరపడ్డాడు. తీజ్ పండక్కి పక్కింటి దీదీ కరకరలాడే ఠేఠరీ, తియ్యటి ఖుర్మీ పళ్ళెం నిండా పంపితే, ఎప్పుడూ మాతో పోటీపడి తినే పెద్దమ్మ తన వంతు మాకే పంచేసింది.

పండగ వెళ్ళాక కార్ఖానా మనిషి వచ్చాడు. "భయ్యా, నీచే వాలా సబ్ బైఠ్ గయా" అన్నాడు. పేర్చిన పెట్టెల్లో అడుగువన్నీ కూలబడిపోయాయట. నాన్న బంకని అనుమానించాడు, చెమ్మని అనుమానించాడు. చివరికి అదే సరుకులోంచి పొడిగా ఉన్న పెట్టె తెచ్చి పెద్దమ్మని కూర్చోబెట్టాడు. పెట్టె చెక్కుచెదరలేదు.

అది చూసి అమ్మ, "పెట్టెని సూత్తన్నారు గానీ, మనిషిని సూసేరేటి? సీర కుచ్చిళ్ళు ఎన్ని ఎక్కువ పెడతందో" అంది.

నాన్న పెద్దమ్మని తుక్కు అట్ట తూచే కాటా మీద నిలబెట్టాడు. ముల్లు చూశాడు. మళ్ళీ చూశాడు.

"తింతన్నావా వదినా?"

"మింగుడు పడతన్లేదు."

"మరి సెప్పలేదేటి?"

"పెట్టె ఆగిందని నువ్వు నవ్వుతుంటే, ఏటని సెప్పీది?"

కడుపులో గడ్డ అన్నారు డాక్టర్లు. చలి ముదిరేలోగా పెద్దమ్మ పోయింది. శివనాథ్ నది ఒడ్డున, చితికి కాస్త దూరంగా చెప్పుల్లేకుండా నిలబడ్డాను. నా కాళ్ళకి తగిలిన ఇసుక చల్లదనం తప్ప ఆ రోజు ఇంకేమీ గుర్తులేదు. తర్వాత నాన్న పెట్టెల మీద ఇసుక బస్తాలు పెట్టి చూసుకునేవాడు. మనిషినెవరినీ కూర్చోమనలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, అక్కడ మొబైల్ దుకాణం. నాన్న లేడు. ఓపాలి, కూకో అనే మాటలు మా ఇంట్లో అమ్మతోనే ఆగిపోయాయి; మా అమ్మాయికి హిందీయే నోరు తిరుగుతుంది. పెద్దమ్మది ఒకే ఒక్క ఫొటో మిగిలింది, మా ఇంటికి వచ్చిన కొత్తలోది.

"బడీ నానీ కిత్నీ మోటీ థీ" అని మా అమ్మాయి అందులో ఆవిడ లావు చూసి నవ్వుతుంది.

అవును, అలాగే ఉండేది అంటాను.