పల్లీ లేని పట్టీ

ఒక మాటను చాలా ఏండ్లు మోశాను. బరువంటే బస్తాల బరువు తెలిసిన మనిషిని నేను. బస్తాను దించుకోవచ్చు. దీన్ని దించుకునే చోటు దొరకలేదు. దొరకలేదనడం కూడా అబద్ధమే. వెతకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర లేదు. ఆర్మూర్ వాణ్ణి, ముసలివాణ్ణి. అంతవరకు చాలు. మొన్న ఆదివారం ఆ మాట ఇంట్లో చెప్పేశాను. ఇవాళ మీకూ చెప్తాను.

నేను బడికి పోయింది తక్కువ. పసుపు యార్డులో బస్తాలు తూచే దడ్వాయిగా కాంటా వేస్తూ, వాటి మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. ఆ తర్వాత చేతికి దొరికిందల్లా చదివాను. ఇట్లా సొంతంగా నేర్చినవాడికి ఒక రోగం ఉంటుంది. తనకు తెలియనిది లోకంలోనే లేదనుకుంటాడు. నాకది బాగా ముదిరింది. కల్తీ అంటే మాత్రం ఒళ్లు మండేది. పైన ఎండు పసుపు కొమ్ములు పోసి అడుగున తడివి దాచిన బస్తాను చెయ్యి పెట్టగానే పట్టేవాణ్ణి. పట్టి ఊరుకునేవాణ్ణి కాదు. పదిమందిని పిలిచి, ఆ మనిషిని నడి యార్డులో నిలబెట్టి కడిగేసేవాణ్ణి. తల దించుకున్న ఆ మొహాలు ఒక్కొక్కటీ ఇప్పటికీ గుర్తే.

ఇంట్లో నేను, కొడుకు, కోడలు, వాళ్ల పాప. కొడుకుకు పెర్కిట్‌లో మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. పాప ఒకటో తరగతికి వచ్చిన ఏడు, ఆమెకు పల్లీలు పడవని నిజామాబాద్ డాక్టర్ చెప్పాడు. నోట్లో పడితే మొహం ఉబ్బుతుందట, ఊపిరి ఆడదట. నేను నవ్వాను. పల్లీ పడకపోవడమేమిటి? మా చిన్నతనంలో చెట్టు పీకి, మన్ను దులిపి, పచ్చివే తిన్నాం. ఎవడి మొహం ఉబ్బింది? డాక్టర్లకు పనిలేక పుట్టించిన రోగమన్నాను.

కోడలు నవ్వలేదు. ఇంట్లో పల్లీలు బంద్ చేసింది. నాకు పల్లీ చట్నీ లేనిదే ముద్ద దిగదని అలిగితే, నా కోసం ఒక డబ్బా, ఒక మిక్సీ జార్ విడిగా పెట్టింది. ఫోన్‌లో చూసి కొత్త వంట నేర్చుకుంది. ఓట్స్, బాగా మగ్గిన అరటిపండు, ఖర్జూరం, కిస్మిస్, గుమ్మడి గింజలు, కాస్త బెల్లం. పాలు లేవు, గుడ్డు లేదు, జీడిపప్పు లేదు. పల్లీ అసలే లేదు. అంతా పిసికి, ట్రేలో గట్టిగా అదిమి, చిన్న ఓవెన్‌లో పెట్టేది. అంచులు ఎర్రబడ్డాక తీసి, పూర్తిగా చల్లారేదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. వేడిమీద కోస్తే పొడి అవుతాయట. పాప ఇష్టంగా తినేది. బడి దగ్గర ఒక తల్లి తమకూ చేసిపెట్టమని అడిగింది, ఆమెను చూసి ఇంకొకామె అడిగింది. ఆలూర్ నుంచి కూడా ఫోన్లు వచ్చేవి. నా కోడలు నడకే మారింది ఆ రోజుల్లో.

వాటిని ఆమె బార్లు అనేది. వీధిలో ఒకటే నవ్వులాట.

"ఏందన్నా, మీ కోడలు ఇంట్లనే బార్ తెరిసిందట! మాకు జర దావత్ లేదా?" అని పక్కింటాయన గేటు మీద వాలి అరిచేవాడు.

నాకు తల కొట్టేసినట్టయ్యేది. పల్లీ పట్టీల లాగే ముక్కలు కోస్తావు కదా, బార్ కాదు, పట్టీ అనమని నేనే పేరు మార్చాను. ఆ పేరు నన్నే పట్టుకుంది. పట్టీ అన్నాక పల్లీ ఉండాలి కదా? పల్లీ లేని పట్టీ కూడా ఒక పట్టీయేనా? ఓట్స్ అంటూ గుర్రాలు తినే దాణాను పిల్లకు పెట్టి, నేలలో పండిన పల్లీని విషమంటారా? రోజంతా ఇదే గొణుగుడు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. యార్డులో కొత్తగా పనికి వచ్చినవాళ్లు పసుపు దుమ్ముకు తుమ్మి తుమ్మి కళ్లు ఎర్రజేసుకునేవాళ్లు. కొన్నాళ్లు పోతే అదే దుమ్ములో కూర్చుని సద్ది విప్పుకుని తినేవాళ్లు. పసుపు దుమ్ముకు అలవాటు పడ్డ మనిషి పల్లీకి పడడా? కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే? ఎవరినన్నా అడిగానా? లేదు. అడగడమంటే నాకు తెలియదని ఒప్పుకోవడమే కదా.

కోడలు పాప కోసం చిన్న గిన్నెలో, బెల్లం తగ్గించి, విడిగా కలిపేది. కలిపిపెట్టి, ఓవెన్ వేడెక్కేలోపు బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోయేది. ఆ సందులో నా డబ్బాలోని వేయించిన పల్లీలు దంచి, ఒక చిటికెడు ఆ గిన్నెలో కలిపాను. ఏమీ కాలేదు. మళ్లీ కలిపాను. పాప పెదవి గోక్కుంది. దోమ కుట్టిందన్నాను. లోపల మీసం దువ్వుకున్నాను, డాక్టర్ ఓడిపోతున్నాడని. ఆ తర్వాతిసారి చిటికెడు కాదు. పిడికెడు.

పాప సగం ముక్క తిన్నది. కాసేపటికే కళ్లు పూడుకుపోయాయి. గొంతులోంచి ఈల లాంటి చప్పుడు. కొడుకు బండి మీద దవాఖానకు ఉరికాం. సూది వేశారు. పిల్ల బతికింది. జర ఆలస్యమైతే దక్కకపోయేదన్నారు.

కోడలు వచ్చి నా ముందర నిలబడింది.

"మామా, పాపకు మీరేమన్న పెట్టిండ్రా? నిజం చెప్పుండ్రి. డాక్టర్ అడుగుతుండు."

"నన్నే అడుగుతున్నవా? జిందగీ మొత్తం కల్తీ పట్టినోన్ని నేను! ముందుగాల నీ చేతులు సూస్కో. నా చట్నీ చేసిన చేతులతోనే పిసికినవేమో."

ఆమె నిజంగానే చేతులు చూసుకుంది.

"కడిగిన మామా. కడిగిననే అనుకుంటున్న…"

"కడిగిన" అన్న మనిషి "కడిగిననే అనుకుంటున్న" అనడానికి ఎంతసేపు పట్టింది? రెప్పపాటు. పొడి కలపడం నా మూర్ఖత్వమనుకోండి. ఆ రెప్పపాటు మాత్రం మూర్ఖత్వం కాదు. తెలిసి చేశాను.

కోడలు మళ్లీ ఓవెన్ ముట్టలేదు. ఎవరో అడిగితే ఇచ్చేసింది. ఫోన్లు వస్తే, చేస్తలేనక్కా అని పెట్టేసేది. చేతులు కడగడం మాత్రం ఆపలేదు. కడిగి కడిగి వేళ్ల సందుల్లో చర్మం పగిలింది. పాప కంచం ముందు కూర్చుంటే మొదట అడిగేది, "మమ్మీ, చేతులు కడుక్కున్నవా?" అని. ప్రతి పూట. ఆ మాట విన్నప్పుడల్లా నేను పేపర్‌ను మొహానికి అడ్డం పెట్టుకున్నాను. దేనికి భయపడ్డాను? కొడుకు వెళ్లగొడతాడనా? కాదు. నడి యార్డులో నిలబడ్డ ఆ మొహాల వరసలో నా మొహం చేరుతుందని.

ఇప్పుడు పాప ఎనిమిదో తరగతి. మొన్న ఆదివారం దుకాణం నుంచి ఓట్స్ బార్ కొనుక్కొచ్చింది. పొట్లం వెనక అచ్చు మొత్తం చదివి, నిమ్మళంగా తిన్నది. నాకు ఎప్పటిలాగే మండింది. ఏ ఊళ్లోనో మిషన్ చేసినదాన్ని నమ్మి, తల్లి చేతిని నమ్మవా అని అరవబోయాను. నోరు తెరిచాను. మరి నమ్మకుండా చేసింది ఎవడు?

కోడలు బీరకాయలు చెక్కు తీస్తోంది. పోయి ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, అప్పుడు పాప గిన్నెల పల్లి పొడి కలిపింది నేనే. నీ చేతులు గావు."

ఆమె కత్తి కింద పెట్టింది.

"నా బిడ్డ సచ్చిపోతుండె మామా."

"అవును."

"ఇన్నేండ్లు నేను చేతులు కడుగుతుంటే సూస్కుంట కూసున్నరా?"

"కూసున్న."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కూతుర్ని పిలిచింది.

"బిడ్డా, గిటు రా. నా చేతులు కావట."

"ఏంది మమ్మీ?"

"గప్పుడు… నా చేతులు కావట." ఆ మాటే మళ్లీ అంది. "మీ తాతను అడుగు."

పిల్లకు కూడా నా నోటితోనే చెప్పాను. ఏదీ తగ్గించలేదు. చిటికెడు చిటికెడే, పిడికెడు పిడికెడే. ఆమె విని, పోయి తల్లి పక్కన ఆనుకుని కూర్చుంది.

"ఇగ నా ప్లేట్ నువ్వు ముట్టకు తాతా" అంది.

సరే అన్నాను. అప్పటినుంచి ముట్టలేదు. కొడుకు నాతో మాట్లాడటం లేదు, కోడలు అవసరానికే మాట్లాడుతోంది. క్షమించమని నేను అడగలేదు, అడగను. కానీ నిజం చెప్తున్నాను, పిల్ల ఆ మాట అన్నప్పుడు నాకు ఊపిరి తేలికైంది. పిల్ల అనుమానం ఇన్నేండ్లూ తప్పు మనిషి మీద పడుతూ వచ్చింది. ఇప్పుడు నా మీద పడింది.