నాలుగో ఇంటి లెక్క

ఉషారాణికి అనుమానం ఎక్కువ. ఇది గిట్టనివాళ్ళు అన్న మాట కాదు, కన్నతండ్రి హాతీరామే నలుగురిలో చెప్పుకుని నవ్వేవాడు. పాలమనిషి చెంబులో పాలు పోసి వెనక్కి తిరగకముందే ఆ పిల్ల బొటనవేలి గోటి మీద చుక్క వేసుకుని అది ఎంత తొందరగా జారుతుందో చూసేది. కొట్లో కారప్పొడి కొంటే చిటికెడు నీళ్ళగ్లాసులో వేసి, అడుగున ఇటుకపొడి దిగుతుందేమోనని గ్లాసు ముందు కూర్చునేది. సత్తుపల్లి దగ్గరి తండాలో పుట్టి ఆరో తరగతి నుంచీ హాస్టళ్ళలో నీళ్ళచారు తాగి పెరిగిన పిల్ల, ఆ మాత్రం అనుమానం లేకపోతేనే ఆశ్చర్యం.

ఇంటర్ అయ్యాక అందరూ నర్సింగ్ చెయ్యమన్నారు, టీచర్ ట్రైనింగ్ చెయ్యమన్నారు. ఆమె ఖమ్మంలో ఒక ఆడపిల్లల కాలేజీలో న్యూట్రిషన్ ఉన్న బీయస్సీలో చేరింది. మనిషి తిన్నది ఒంట్లోకి వెళ్ళి ఏమవుతుందో గ్రాముల్లో చెప్పే చదువు ఒకటుందని తెలిసిన రోజున, తన అనుమానానికి కూడా ఒక డిగ్రీ ఉందని ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది. తండాలో మాత్రం నవ్వారు. "వంట నేర్వనీకి మూడేండ్లా హాతీరామ్? మా ఇంటికి తోలు, మూడు దినాలల్ల నేర్పిస్త," అంది పక్కింటావిడ.

రెండేళ్ళు బాగానే గడిచాయి. 2007లో మూడో ఏడాది ప్రాజెక్టు వచ్చింది. అడవి అంచున ఉన్న ఒక తండాలో నాలుగిళ్ళు ఎంచుకుని, మూడు రోజులు వాళ్ళు ఏం వండుతారో, ఎంత తింటారో కాటా వేసి రాయాలి. "నీకు లంబాడీ భాష వచ్చుగదా, నువ్వే వెళ్ళు," అంది ప్రాజెక్టులు చూసే అక్సా మేడమ్. ప్రాజెక్టు పోతే ఏడాది పోతుంది, ఏడాది పోతే హాస్టల్ సీటు పోతుంది. హాస్టల్ లేకుండా ఖమ్మంలో ఉండి చదివే వీలు హాతీరామ్ కూతురికి లేదు.

ముల్లు తిరిగే చిన్న కాటా, కొలగ్లాసు, బరువు చూసే మిషను సంచిలో వేసుకుని ఉషారాణి ఆ తండాకు వెళ్ళింది. భాష వస్తే మనసిచ్చి మాట్లాడతారని మేడమ్ అనుకుంది. భాష వచ్చినందుకే తండా ఇంకాస్త బిగుసుకుంది. మన మాటే మాట్లాడే పిల్లని ఎవరు పంపారు, మన గిన్నెలు తూచి ఎవరికి చెబుతుంది? నాలుగో ఇంటి ద్వాలి మరీ గట్టిది. యాభై దాటిన మనిషి, భర్త లేడు, పెళ్ళికాని కొడుకు బిచ్యాతో ఉంటుంది. ఉషారాణి అడిగిన ప్రతి ప్రశ్నకూ ముందు కొడుకు మొహం చూసేది, తర్వాత జవాబు చెప్పేది. బిచ్యా గుమ్మంలో నిలబడి ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. ఆ మూడు రోజులూ అతను ఉషారాణి చేతిలోని పెన్నునే చూశాడు.

"నిన్న పొద్దున లేచిన కాడినుంచి ఏం తిన్నవు యాడీ?" అని అడిగింది ఉషారాణి లంబాడీలో, అమ్మను పిలిచినట్టే పిలిచి.

"పొద్దున సద్దన్నం, కారం. పగటీలి రెండు జొన్నరొట్టెలు, పుంటికూర. రాత్రికి ఇంత అన్నం. గంతే."

"మధ్యల ఏం తినలే?"

"మధ్యల పనుంటది. తిండి ఎవడు పెడతడు?"

ఖమ్మం తిరిగొచ్చి లెక్క వేసి, అట్టకట్టి, అక్సా మేడమ్ బల్ల మీద పెట్టింది. మేడమ్ మొదటి మూడిళ్ళ మీద పెదవి విరిచింది, నాలుగో ఇంటి దగ్గర కళ్ళజోడు తీసేసింది.

"ఈ ద్వాలి రోజూ అడవికి పోయి కట్టెలమోపు తెస్తుందని రాశావు. బరువు యాభై ఆరు కిలోలని రాశావు. తినేది మాత్రం పదకొండొందల కేలరీలు. ఆ పనికి మూడువేలు కావాలి. నీ లెక్క నిజమైతే ఈమె మోపు ఎత్తడం కాదు, మంచం మీంచి లేవకూడదు."

"తూకమేసే రాసిన మేడమ్."

"తండాకు పోయి రాశావా, హాస్టల్లో కూర్చుని రాశావా?"

పాలను, కారాన్ని, చారును, వార్డెన్‌ను అనుమానించిన పిల్ల తననే ఒకరు అనుమానిస్తారని ఏనాడూ అనుకోలేదు. మొహం మండిపోయింది. మేడమ్ పది రోజులు గడువిచ్చింది. బస్సులో మళ్ళీ తండాకు వెళుతూ దారి పొడుగునా ఉషారాణి ద్వాలిని తిట్టుకుంది. ముసల్ది అబద్ధం ఆడింది, సరే. కానీ ఇంట్లో గింజ లేకపోయినా కడుపునిండా తిన్నామని చెప్పుకునే జనం, తిన్నదాన్ని తక్కువ చేసి చెప్పడం ఏమిటి? ఆ చిక్కు ఆమెను వదల్లేదు.

ఈసారి వంటింట్లో కూర్చోలేదు. "నేను గూడ అడవికొస్త యాడీ," అంది. ద్వాలి ఎగాదిగా చూసి, వద్దంటే ఇంకా అనుమానపడుతుందనుకుందో ఏమో, నడవమంది. బయల్దేరే ముందు ఉషారాణి రెండు సంగతులు కనిపెట్టింది. ఒకటి, జొన్నల గంప వెనక్కి చీమలు బారులు కట్టి పోతున్నాయి. జొన్నలకు చీమలు అంత ఆశపడవు. రెండు, ద్వాలి నడుం దగ్గర కొంగుకు పిడికిలంత ముడి ఉంది. పోయినసారి కూడా ఉంది, ఆకులూ వక్కలూ అనుకుంది.

పగటివేళకు వాగు దగ్గర ఆగారు. ద్వాలి నీళ్ళు తాగి, రాతి మీద కూర్చుని, ఉషారాణికి వీపు పెట్టింది. వెనకనుంచి చూస్తే చెవి కింద దవడ ఆడుతోంది. ఉషారాణి లెక్కపెట్టింది. ఒక ముద్ద అయింది, రెండోది మొదలైంది.

"మధ్యల తిండి ఎవడు పెడతడంటివి గద యాడీ?"

దవడ ఆగిపోయింది. ద్వాలి మెల్లగా తిరిగింది. తిరిగాక కళ్ళలో కోపం లేదు, భయం ఉంది. కొంగుముడిలో నల్లగా, జిగురుగా నాలుగు ముద్దలున్నాయి. ఇప్పపువ్వు ఎండబెట్టి, వేయించి, నువ్వులు కలిపి దంచిన ముద్దలు.

"గిదా దాచింది? తినేదే గద?"

"తినేదే," అంది ద్వాలి. "రెండేండ్ల కింద ఒగాయన వచ్చిండు. నీ లెక్కనే పుస్తకం, పెన్ను. చానా మంచిగ మాట్లాడిండు. అడవిల ఏమేం దొరుకుతయి, ఇప్పపువ్వు ఏం జేస్తరు అని అడిగిండు. ఏరుతం, ఎండబెడతం, దాసుకుంటం అని అన్నీ జెప్పిన. ఐదు దినాలకు ఎక్సైజోళ్ళ జీపొచ్చింది. సారా కాస్తున్నరని గంపలకు గంపలు ఎత్తుకపోయిన్రు, బిచ్యాను గూడ ఎక్కించుకపోయిన్రు. పన్నెండు దినాలు జైల్ల ఉండె నా కొడుకు. తినేదని ఎంత మొత్తుకున్నా ఇనలే."

పుస్తకం పట్టుకొచ్చినాయనకూ జీపుకూ సంబంధం ఉందో లేదో ఎవరికీ తెలియదు. తండా మాత్రం ఉందనే నమ్మింది. ఆనాటి నుంచి పెన్ను పట్టుకుని ఎవరొచ్చి ఏం తింటావని అడిగినా సద్దన్నం, కారం అనే జవాబే వస్తోంది. ఉషారాణి సంచిలోని కాగితాలు ఆమెకే బరువనిపించాయి.

"పేరు రాయ, ఊరి పేరు రాయ. ఇల్లు నంబరొకటే రాస్త. ఒట్టు," అంది.

"ఒట్టు మా బిచ్యాను ఇడిపించదు." ద్వాలి ఒక ముద్ద తీసి ఉషారాణి అరచేతిలో పెట్టింది. "ముందు తిను. తింటె నువ్వు గూడ ఇందుల ఉన్నట్టు. అప్పుడు రాసుకో."

ఉషారాణి ముద్దను చూసింది. కొంగు పోగు ఒకటి దానికి అంటుకుని ఉంది. ఎప్పుడు దంచారో, ఏ నీళ్ళతో తడిపారో తెలియదు. గోటి మీద వేసి చూసే వీలు లేదు, గ్లాసులో ముంచి చూసే వీలు లేదు. ఎదురుగా ద్వాలి తన నోటినే చూస్తోంది. కళ్ళు మూసుకుని కొరికింది. ఘాటైన వాసన, వెనకాలే గట్టి తీపి, పంటికింద నువ్వులు. హాస్టల్లో ఉన్న ఇన్నేళ్ళలో ఇంత రుచిగలది తినలేదని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. మొత్తం తిన్నాకే కాటా తీసింది. ముద్ద అరవై గ్రాములు. రోజుకు ఆరు, మోపు పెద్దదైతే ఎనిమిది.

కొత్త లెక్క చూసి అక్సా మేడమ్ బీరువాలోంచి ఇంకో పుస్తకం తీసి, గుణించి, నవ్వింది. "ఇప్పుడు లేస్తుంది మీ ద్వాలి," అంది. కానీ ఆమె సంతకం ఒక్కటే చాలదు. బయటి కాలేజీ నుంచి పరీక్షకు వచ్చిన క్రిస్టోఫర్ సారు పుస్తకం తిరగేసి, పేర్లేవని అడిగాడు. చెప్పనని మాటిచ్చానంది ఉషారాణి. "పేరు లేని మనిషి ఎన్ని ముద్దలైనా తింటుందమ్మా. నాకు నాలుగో ఇల్లు చూపించు," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, దొంగ ప్రాజెక్టులు చూసి చూసి విసిగినవాడు. చూపించకపోతే సున్నా వేస్తానన్నాడు. చూడ్డమే కదా, రాయడం కాదు కదా అని ఉషారాణి తనకు తాను చెప్పుకుని ఒప్పుకుంది.

మర్నాడు ముగ్గురూ బయల్దేరారు. తండా కనిపించేదాకా ఉషారాణికి తట్టలేదు, తాము ఎక్కిన కిరాయి బండి కూడా జీపేనని.

జీపు చప్పుడు వినగానే తండాలో తలుపులు పడ్డాయి. బిచ్యా ఇంటి వెనకనుంచి చేలల్లోకి పోవడం ఉషారాణి కళ్ళారా చూసింది. ద్వాలి గుమ్మంలో నిలబడింది. నడుం దగ్గర కొంగు ఖాళీగా ఉంది.

"ఏమమ్మా, రోజూ ఏం తింటావు?" అన్నాడు సారు పెన్ను తీసి.

"సద్దన్నం, కారం."

"ఇప్పపువ్వు ముద్దలు తినవూ?"

"గవేంది? మాకెరుక లేదు." ఆ మాట సారుతో అన్నా చూపు ఉషారాణి మీదే ఉంది. జీపు తెచ్చింది నువ్వేనా అని అడుగుతున్న చూపు.

సారు ఉషారాణి వైపు తిరిగాడు. గంప వెనక్కి చీమలు ఇంకా పోతూనే ఉన్నాయి. వేలెత్తి చూపిస్తే చాలు, ఏడాది నిలబడుతుంది. ఆమె తలవంచుకుంది.

"నేను రాసిందే తప్పు సార్. ఈమె చెప్పలే. నేనే అల్లిన."

 సారు పుస్తకం మూసేశాడు. "అయితే వచ్చే ఏడాది మళ్ళీ చెయ్యి."

"ఏంది మళ్ళ చెయ్యమంటుండు సారు?" అని అడిగింది ద్వాలి లంబాడీలో.

"ఏం లేదు యాడీ. లోపలికి పో."

మేడమ్‌కు భాష రాకపోయినా అడిగిందేమిటో అర్థమైంది. "ఆ పిల్లకు చదువు పోయిందమ్మా," అంది తెలుగులో.

ద్వాలి జీపును చూసింది, చేనువైపు చూసింది, తలవంచుకున్న ఉషారాణిని చూసింది. లోపలికి వెళ్ళి గంప జరిపిన చప్పుడైంది. కొంగు నిండా ముద్దలతో వచ్చి, ఒకటి తీసి క్రిస్టోఫర్ సారు అరచేతిలో పెట్టింది.

"తిను సారూ. తిన్నంక అడుగు."

సారు ముద్దను తిప్పి చూశాడు. వాసన చూశాడు. అప్పటికి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుని పదిమంది చేరారు, అందరూ ఆయన నోటినే చూస్తున్నారు. తప్పనిసరై చిన్న ముక్క కొరికాడు. నమిలాడు. తర్వాత మిగిలిందంతా నోట్లో వేసుకున్నాడు.

"నీ పేరేంది సారూ?"

"క్రిస్టోఫర్," అన్నాడాయన నోటినిండా ముద్దతో.

ద్వాలి ఉషారాణి వైపు తిరిగింది. "రాయి బేటీ. నాలుగో ఇల్లని గాదు, ద్వాలి అని రాయి. దాని కింద సారు పేరు గూడ రాయి. రేపు జీపొస్తె ఇద్దరం ఎక్కుతం."

ఉషారాణి సారు మొహం చూసింది. ఆయన మింగి, మూతి తుడుచుకుని, పెన్ను ఆమెకిచ్చాడు.