వేపమండలు కట్టిన గుమ్మం

హోలీ వెళ్ళిన మొదటి మంగళవారం, పొద్దున్న పదింబావు. లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడు. గంట ఎలా గుర్తుందంటే, మా తాల్‌బగీచా సందులో కుళాయి పదింటికి కట్టేస్తారు. ఆఖరి బిందె లోపల పెట్టి చెయ్యి కొంగుకు తుడుచుకుంటుంటే ఎదురు వరస నుంచి అరుపు వినిపించింది. మనిషి పోతే ఏడ్చే అరుపు కాదు. దొంగను పట్టుకున్నప్పుడు అరిచే అరుపు.

మా ఇంట్లో అద్దెకున్న పిల్ల అంతకు కాసేపటి ముందే బయటికి వెళ్ళింది. ఆ అరుపు దాని మీదేనని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 

ఆ పిల్ల ఎవరో చెప్పాలి. ఈశాన్యం వైపు కొండల్లో పుట్టింది. ఇరవై రెండేళ్ళుంటాయి. వాళ్ళ చర్చి దాన్ని మిషనరీగా పంపింది, బెంగాల్లో ఈ ఖరగ్‌పూర్‌లో ఉన్న తెలుగువాళ్ళ మధ్య పనిచెయ్యమని. మాది శ్రీకాకుళం వైపు నుంచి తాతలనాడు రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన కుటుంబం. నా భర్త వ్యాగన్ షాపులో ఫిట్టరుగా చేసి పోయాడు. మేం అమ్మవారిని కొలిచేవాళ్ళం. చర్చి పిల్లకి గది ఎందుకిచ్చావని సందులో అడిగారు. ఖాళీగా ఉంది, ఇచ్చాను. నా దేవుళ్ళ జోలికి వస్తే సామాను వీధిలో ఉంటుందని వచ్చిన రోజే చెప్పాను. అది తలూపింది. ఆ మాట నిలబెట్టుకుంది.

పొద్దున్నే లేచి మోకాళ్ళ మీద ప్రార్థన. అన్నం ఉడకబెట్టుకుని ఎండుమిరపకాయ నంజుకోవడం. తరవాత తెలుగు పాఠం. అది ఒకటో తరగతి వాచకం ముందేసుకుని దిద్దుతుంటే ఎదురుగా కూర్చుని నేనూ దిద్దాను. నాకు అప్పటికి అరవై దాటాయి, అక్షరం ముక్క రాదు. అక్షరం దానికి ముందు పట్టుబడేది, మాటకి అర్థం నాకు ముందు తెలిసేది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి చదివినట్టయ్యేది.

తరవాత ఇల్లిల్లూ తిరగడానికి బయలుదేరేది. ముసలివాళ్ళ బాగోగులు అడగడం, ఆస్పత్రిలో వరసలో నిలబడి మందులు తెచ్చిపెట్టడం, ఒప్పుకున్న ఇంట్లో ప్రార్థన చెయ్యడం దాని పని. వెళ్ళే ముందు మాత్రం తలుపు వెనక నిలబడి, చెప్పబోయే నాలుగు మాటలూ గొణుక్కునేది. గడియ మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ మొదటినుంచి గొణుక్కునేది.

"ఏటే గుంటా, తలుపుతో మాటాడతన్నావా?" అనేదాన్ని.

"తలుపు నవ్వదు అమ్మమ్మా."

"అంత బయమైతే ఎల్లడం ఎందుకు?"

"వెళ్ళకపోతే ఇంకా ఎక్కువ భయము," అనేది, ఒక్కో మాట తూకం వేసి పెట్టినట్టు.

మా పద్ధతులు కూడా నన్నే అడిగేది. దసరాకి గుమ్మానికి మామిడాకులు కడుతుంటే ఇదేమిటంది. "గుమ్మానికి ఆకులు కట్టినారంటే ఆ ఇంట్లో సుబం. ఉత్తి సేతుల్తో ఎల్లకూడదు, తీపి పట్టికెల్లాల," అన్నాను. అంతవరకే చెప్పాను. వేప సంగతి చెప్పలేదు. మా సందులో నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతి, విడమరిచి చెప్పాలని ఎవరికి తోస్తుంది? వాళ్ళ కొండల్లో వేపచెట్టే లేదట. ఆ మాట తరవాత తెలిసింది.

వేపమండలు కట్టారంటే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని. ఒళ్ళంతా పొక్కులు లేస్తాయి. జబ్బు అనకూడదు, అమ్మ ఆడుతోంది అనాలి. ఆ ఇంట్లో పోపు వెయ్యరు. నూనె వాసన తగలనివ్వరు. పరాయి మనిషిని గడప దాటనివ్వరు. పొక్కులు ఎండి వేపనీళ్ళు పోసేదాకా డాక్టరు మాట ఎత్తరు. అమ్మకి కోపం వస్తే మనిషిని తీసుకుపోతుంది. నేనూ నమ్ముతాను. నా చెల్లెల్ని అలాగే తీసుకుపోయింది. అప్పుడు దాని పక్కన పడుకున్నది నేనే.

ఎదురు వరసలో మూడో ఇంట్లో మూడేళ్ళ ఆడపిల్లకి అమ్మవారు పోసింది. మా పిల్ల ఆ గుమ్మం చూసింది. పచ్చటి ఆకులు. శుభమనుకుంది. సందు చివర కొట్లో వేడి జిలేబీ పొట్లం కట్టించుకుని, చెప్పులు విప్పి, నవ్వుతూ నేరుగా లోపలికి వెళ్ళిపోయింది.

నేను వెళ్ళేసరికి గుమ్మం ముందు జనం. తోసుకుని వెళ్ళాను. నడవలో చాప మీద పాప. పాప నాయనమ్మ మా పిల్ల మణికట్టు పట్టుకుని ఉంది. పాప బాబాయి, రాత్రి డ్యూటీ దిగి వచ్చి ఇంకా యూనిఫారం విప్పనివాడు, తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పాప తల్లి మూల కూర్చుని నేలకేసి చూస్తోంది. తండ్రి గూడ్సు బండి డ్యూటీ మీద టాటానగర్ వైపు వెళ్ళాడు. మా పిల్ల రెండో చేతిలో జిలేబీ పొట్లం నూనె ఓడుతూ అలాగే ఉంది.

"సూసినావా ఒదినా నీ అద్దె గుంట సేసిన పని," అంది నాయనమ్మ. "నూనె కంపుతో వచ్చినాది. నా మనవరాలి నుదుట సెయ్యేసినాది."

"పిల్లకేటైనా అయితే ఇది ఈ సందు దాటదు అత్తా," అన్నాడు బాబాయి. గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటే నాకు అంత భయం వేసేది కాదు. వెనక జనంలో ఎవరో "తలుపు మూసీరా" అన్నారు.

మా పిల్ల క్షమించమని అడగలేదు. ఒకటే మాట పట్టుకుంది. "పాపకు ఊపిరి ఆడటం లేదు. ఆస్పత్రి." మళ్ళీ అదే. "పాపకు ఊపిరి ఆడటం లేదు. ఆస్పత్రి."

అప్పుడు పాపని చూశాను. పొక్కుల్ని కాదు, ఊపిరిని. పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంట పడుతోంది. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. నా చెల్లెలి పెదాలు అలాగే అయ్యాయి. ఆ ఇంట్లో అందరూ అది చూస్తూనే ఉన్నారు. అమ్మ ఆడుతుండగా చెడ్డ మాట అనకూడదని ఎవరూ నోరు విప్పలేదు. విప్పింది తెలుగు నేర్చుకుని ఏడాదైనా కాని ఈ పిల్ల.

పాప పోతే ఈ పిల్లని బతకనివ్వరు. నాకు తోచింది అంతే.  ఏం మాట్లాడబోతున్నానో నాకే తెలియదు.

"ఒదినా," అన్నాను. "నూనె వాసన తగిలినాదా?"

"తగిలినాది."

"పరాయి సెయ్యి తగిలినాదా?"

"తగిలినాదనే కదా సెప్తన్నాను."

"మరింకా అమ్మోరు ఈ ఇంట్లో కూకుంటాదేటి? ఇంత మైల జరిగినాక ఉంటాదా? లేసి ఎల్లిపోయినాది. ఇప్పుడు పిల్ల ఒంట్లో ఉన్నది ఉత్త జరం. జరానికి ఆస్పత్రికి ఎల్తే తప్పేటి?"

నాయనమ్మ నన్ను చూసింది. నేను చెప్పింది పద్ధతి ప్రకారం తప్పు కాదు. ఒప్పు అని కూడా ఎవరూ అనలేరు. అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. అమ్మవారు వెళ్ళిందని చెప్పే అధికారం పూనకం వచ్చిన మనిషికి ఉంటుంది, నాకు లేదు. ఆ మాట అంటుండగానే నా వీపు మీద చెమట చల్లగా దిగింది.

నాయనమ్మ ఏదో అనబోయింది. ఈలోపు మూలనున్న తల్లి లేచింది. ఎవరినీ అడగలేదు. పాపని చాపతో సహా ఎత్తుకుని, అడ్డంగా ఉన్న మరిది ముందు నిలబడింది. వాడు ఒక్క క్షణం ఆగి పక్కకి జరిగాడు. గుమ్మం దాటుతుంటే వేపమండ పాప తలకి తగిలింది.

సందు మొదట్లో ఒక బెంగాలీవాడి టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఆగి ఉంది. "కోథాయ్ జాబేన్, మాషీమా?" అన్నాడు బండివాడు, ఎక్కడికని. "రైల్వే హాస్‌పాతాల్ దాదా, జల్దీ," అన్నాను. తల్లి, పాప, నేను ఎక్కాం. బాబాయి మా పిల్లని జబ్బ పట్టి ఎక్కించాడు.

"నువ్వూ రావాల. పిల్లకేటైనా అయితే నువ్వు నా కళ్ళ ముందుండాల."

దారంతా మా పిల్ల వాళ్ళ భాషలో ఏదో గొణుగుతూ ఉంది.

"ఏటది?" అన్నాడు బాబాయి.

"ప్రార్థన. పాప కోసం."

"తెలుగులో సెప్పు. ఏటి అడుగుతున్నావో నాకూ తెలియాల."

 తలుపు దగ్గర నాలుగు మాటలకే వణికే పిల్ల. ఒక్క మాట అటూ ఇటూ అయితే వీడు బండిలోంచి తోసేస్తాడు. అది కళ్ళు మూసుకుంది.

"ప్రభువా. పాపకు ఊపిరి ఇవ్వు. పాప అమ్మకు ధైర్యం ఇవ్వు. ఈ అన్నకు నిద్ర ఇవ్వు. రాత్రి అంతా పని చేసినాడు. నాకు భయముగా ఉన్నది. అంతే."

వాడు మొహం అవతలికి తిప్పుకున్నాడు. జబ్బ మాత్రం వదల్లేదు.

ఆస్పత్రిలో పాపని లోపలికి తీసుకెళ్ళారు, తల్లి వెంట వెళ్ళింది. మేం ముగ్గురం బయట బల్ల మీద. బాబాయి మధ్యలో కూర్చున్నాడు, అది లేచి పోకుండా. లోపల తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముగ్గురం ఒకేసారి తలెత్తేవాళ్ళం. నేను అమ్మవారితో బేరం పెట్టాను. మైల నాది, మాట నాది, తీసుకుంటే నన్ను తీసుకో అన్నాను. పైకి అనలేదు. పైకి అంటే నిజంగా తీసుకుంటుందని భయం.

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము పట్టిందని, ఆక్సిజన్ పెట్టామని హిందీలో చెప్పింది. "టైమ్ పే లాయే. ఠీక్ హో జాయేగీ," అంది. వేళకి తెచ్చారు, బాగవుతుంది అని.

బాబాయి కొంచెం పక్కకి జరిగి కూర్చున్నాడు. తరవాత మా పిల్ల ఒళ్ళో ఉన్న పొట్లం చూసి, "అదింకా పట్టుకునే ఉన్నావా," అన్నాడు. తీసుకుని విప్పాడు. చల్లారిపోయి ముద్దయిన జిలేబీ ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. అమ్మవారున్న ఇంటి మనిషి నూనె వస్తువు తినడు. తిన్నాడంటే అమ్మ వెళ్ళిపోయిందని ఒప్పుకున్నట్టే. మా పిల్లకి అది తెలియదు. నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది.

పాప ఇంటికొచ్చాక నాయనమ్మ అమ్మవారికి చల్ది నైవేద్యం పెట్టింది. వేపాకు, పసుపు కలిపిన నీళ్ళకడవ నెత్తిన పెట్టుకుని నేనూ గుడికి నడిచాను, నా మాటకి నా వంతు. అమ్మ ఏమీ అనలేదు. ఆ పిల్ల ఇంకో ఏడాది మా ఇంట్లో ఉంది. పొద్దున్నపూట తలుపు వెనక మునుపటికంటే ఎక్కువసేపు నిలబడేది. అయినా వెళ్ళేది. తరవాత వాళ్ళ చర్చి ఇంకో ఊరు పంపింది. ఎండలు ముదిరి గుమ్మాలకి వేపమండలు కడుతుంటే ఇప్పటికీ నా వీపు మీద ఆ చెమటే దిగుతుంది. ఆ రోజు ఎవరైనా అడగాల్సింది, అమ్మ వెళ్ళిపోయిందని నీకెలా తెలుసని. ఎవరూ అడగలేదు.

ఆ రోజు ఉన్నవాళ్ళు వీళ్ళు. పాప, ఇప్పుడు బడికి పోతోంది. పాప తల్లి. బాబాయి. నాయనమ్మ, కిందటేడు పోయింది. గుమ్మం బయట జనం, వాళ్ళలో తలుపు మూసెయ్యమన్న గొంతు ఎవరిదో నాకు తెలుసు, రాయను. టోటో బండి దాదా. డాక్టరమ్మ. అమ్మవారు ఉందో లేదో నేను చెప్పలేను, కాబట్టి ఉన్నట్టే రాస్తున్నాను. జిలేబీ పొట్లంతో ఆ పిల్ల. నేను.