ఒక పేరు తీసేసిన రోజు

శుక్రవారం స్టేషనులో దేవుడి పటం ముందు కర్పూరం వెలిగిస్తే చాలు, ఆ వాసనకు నాకు మస్తానయ్య గారు గుర్తుకొస్తారు. నేను కానిస్టేబులుగా చేరిన కొత్తలో వాకాడు వైపు ఆయనే మా ఎస్సై. ఇప్పుడు నేనూ ఎస్సైని. ఆయన పోయి ఏడాది దాటింది. అయినా చిక్కు కేసు ఏదైనా వస్తే, ఆయనకు ఫోను చేద్దామని చెయ్యి జేబులోకి పోతుంది.

ఆయనకొక పిచ్చి ఉండేది. విక్టోరియా రాణి కాలంలో లండనులోని ఒక పేదల పేటలో వరసగా ఆడవాళ్ళను చంపి, ఎవరికీ దొరక్కుండా పోయిన హంతకుడి కథ. దాని మీద వచ్చిన పుస్తకమల్లా తెప్పించుకునేవారు. జీపులో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ అనుమానితులను ఒక్కొక్కరినే మాకు పరిచయం చేసేవారు. ఒక వైద్యుడు, ఒక లాయరు, పొట్టకూటికి పరాయి దేశం నుంచి వచ్చిన మంగలి, తోలు ఏప్రను కట్టుకున్న పాపానికి జనం వెంటపడిన ఒక చెప్పులు కుట్టేవాడు. చచ్చి మట్టయిపోయినవాళ్ళతో మనకేం పని సార్ అని మా డ్రైవరు విసుక్కునేవాడు. నాకూ మొదట్లో ఆ గోల అంతుపట్టలేదు.

అంతుపట్టింది అక్కడి ఉప్పునీటి సరస్సు ఒడ్డున, చేపలు పట్టుకు బతికే ఒక పల్లెలో. అక్కడ ఎవరో వలలు కోసేస్తున్నారు. వల పోతే ఇంట్లో పొయ్యి ఆరినట్టే కదా, ఊరు ఊరంతా మండిపోతోంది. అందరి వేళ్ళూ సెల్వం వైపే. అతను సరస్సుకు అవతల, తమిళ ఒడ్డు నుంచి వచ్చి ఆ ఊరికి అల్లుడైనవాడు. పంచాయితీలో పెద్దకాపు, అంటే ఆ ఊరిపెద్ద, కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి ప్రమాణం చెయ్యమన్నాడు. సెల్వం చెయ్యనన్నాడు. ఎందుకని అడిగితే తల దించుకున్నాడు. ఇంకేముంది, తప్పు ఒప్పుకున్నట్టే అన్నారు. మర్నాడు దురాయి వేస్తారు. అంటే ఊరు వెలివేస్తుంది. పడవ నీళ్ళలో దించనివ్వరు, పొయ్యిలోకి నిప్పు కూడా ఇవ్వరు.

సంగతి తెలిసి మేం పొద్దున్నే వెళ్ళాం. మస్తానయ్య గారు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, కళ్ళారా చూసిందేమిటని అడిగారు. చూసినవాడు ఒక్కడూ లేడు. సెల్వం ఆ వేళ ఒడ్డున ఉన్నాడన్నారు. మరి మీరెక్కడున్నారంటే, వాళ్ళూ ఒడ్డునే. తర్వాత నన్ను పక్కకు పిలిచారు.

"అతను కర్పూరం ఎందుకు ఆర్పలేదో ఊరంతా చెప్తా ఉండారు. అతని పెళ్ళాన్ని ఎవురన్నా అడిగినారా? పోమ్మా, నువ్వు పోయి ఆమె దగ్గర కూర్చో."

సెల్వం భార్య సుజాత చేపలు శుభ్రం చేస్తోంది. చేతిలో చేప పక్కన పెట్టి, "నాకు మూడో నెలక్కా," అంది. కడుపుతో ఉన్నదాని మొగుడు కొబ్బరికాయ కొట్టకూడదు, పాడె మొయ్యకూడదు. సెల్వం వాళ్ళ వైపు కర్పూరమూ ఆర్పకూడదట. ఇంతకు ముందు రెండు సార్లు కడుపు నిలవలేదు. అందుకే ఈసారి ఐదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నారు. పదిమందిలో చెప్పమని ఏ నోటితో అడగను? తనే చేతులు కడుక్కుని లేచింది.

"ఊరే లేకపోతే బిడ్డనెత్తుకోని యాడికి పోయేది? పదక్కా."

పంచాయితీలో ఆమె నోరు విప్పేసరికి గోల అణిగింది. పెద్దకాపు భార్య గబగబా వచ్చి సుజాతను నీడలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. పెద్దకాపు కర్పూరం పళ్ళెం తీసేయమన్నాడు. దురాయి లేదన్నాడు.

తిరుగుదారిలో, దొంగ దొరకలేదని నేను మూతి ముడుచుకున్నాను. మస్తానయ్య గారు నవ్వారు.

"లండనులో జరిగినదానికి ఇంకా పేర్లు చేరుస్తానే ఉండారు, తీసేవోళ్ళే తక్కువ. చేర్చేదానికి నోరుంటే చాలు. తీసేదానికి పోలీసు కావాల. మనం ఈ పొద్దు ఒకటి తీసినాం."

వలల కేసు ఇప్పటికీ తేలలేదు. సుజాతకు మాత్రం ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాలలో వేసిన రోజు పెద్దకాపే మాకు కబురంపాడు. ఆ పిల్లను ఎత్తుకుని మస్తానయ్య గారు మురిసిపోవడం చూసి, నాకు ఈ ఉద్యోగం మీద మొదటిసారి ప్రేమ కలిగింది.

నా స్టేషనుకు రోజూ ఎవరో ఒకరి పేరు వస్తుంది. రాసుకుంటాను, రాయక తప్పదు. ఆ తర్వాత టోపీ పెట్టుకుని, ఆ మనిషి ఇంటికి వెళ్ళి, గుమ్మంలో కూర్చుని, అప్పటిదాకా ఎవరూ అడగనిది అడుగుతాను.