తాతయ్య బైబిలు

జగిత్యాల ఆసుపత్రికని కోరుట్లలో బస్సు ఎక్కేసరికి, జ్వరంతో ఉన్న నా పాపకు రెండోసారి ఫిట్స్ వచ్చి ఆగాయి. తాతయ్య బైబిలును దాని గుండెల మీద ఆనించి పట్టుకుని కూర్చున్నాను. ఆయన పాస్టరు. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా మేం అలాగే చేస్తాం.

పక్క సీట్లో ఒక పెద్దామె ఉంది. సిరిసిల్లలో మరమగ్గాలకు నూలు కండెలు చుడుతుందట. కొంగు నిండా నూలు పీచు అంటుకుని ఉంది. ఆమె అడగకుండానే చెప్పాను.

"మాది మూడు తరాల నుంచి క్రైస్తవ కుటుంబమమ్మా. మా తాత మొకం చూసన్న దేవుడు నా బిడ్డను కాపాడడా?"

"తాత మొకం ఎందుకు చూస్తడు బిడ్డా? మా ఇంట్ల నమ్ముకున్నది నేనే మొదలు. సదువు రాదు, పాటలు రావు. నన్నేం చూసి దగ్గరికి తీసిండు? ఉత్తగనే తీసిండు."

"మరి మీ పిల్లలు మంచిగున్నరా?"

"ఒక్కతే బిడ్డ. జరమొచ్చి పోయింది. గప్పుడు సుత ఆయన నన్ను ఇడిసిపెట్టలే."

నాకు కావలసిన మాట అది కాదు. మొహం తిప్పుకున్నాను. ఆమె మెల్లగా బైబిలు తీసి నా సంచిలో పెట్టింది.

"బరువైతది. పసిదానికి ఊపిరాడది" అంటూ నా చేయి పట్టి పాప నుదుటి మీద పెట్టింది. "నువ్వే అడుగు."

తాతయ్య పేరు లేకుండా ఎలా అడగాలో జగిత్యాల దాకా నాకు తెలియలేదు. ఆమె పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

పాప బతికింది. ఇప్పటికీ దాని ఒళ్లు వెచ్చబడితే నుదుటి మీద చేయి పెట్టి అడుగుతాను. తాతయ్య పేరు ఎత్తను. ఆ పెద్దామె బిడ్డ జరమొచ్చి పోయిన సంగతి గుర్తొస్తుంది. అయినా చేయి తీయను.