ఎలెనికి నేను ఎంచిన మాట

2022లో అమెరికాలో వర్క్ పర్మిట్ రాగానే, మేముండే మోరిస్‌విల్‌లోని ఒక డేకేర్‌లో అసిస్టెంట్ టీచర్‌గా చేరాను. మా పాప అప్పుడు ఎనిమిది నెలలది. అదే భవనంలో, పసిపిల్లల గదిలో ఉండేది. నాది పక్కనే నాలుగేళ్ల పిల్లల గది. గోడ అవతల ఏడుపు వినిపిస్తే మా పాపేమోనని చేతిలో పని ఆగిపోయేది.

మా గదిలో ఎలెని అని ఒక గ్రీకు కుటుంబపు పిల్ల ఉండేది. నడక తెలియదు, గెంతడమే. ఇంట్లో తల్లి ఒక్కతే సంపాదన. సాయంత్రం అమ్మమ్మ వచ్చి తీసుకెళ్లేది. గ్రీకులో అమ్మమ్మను యాయా అంటారట, మేమూ అలాగే పిలిచేవాళ్లం. మోకాళ్ల నొప్పులతో ఆవిడ రోజంతా ఈ పిల్లను పట్టుకోలేదు. డేకేర్‌లో సీటు పోతే తల్లి ఉద్యోగం మానుకోవాల్సిందే. అది నాకు తెలుసు.

పిల్లల ప్రవర్తన గురించి మేం యాప్‌లో నోట్ పెట్టాలి. ‘యాక్టివ్’ అని ఎంచితే ఇంటివాళ్లకు మాత్రమే వెళ్తుంది. ‘అన్‌రూలీ’, అంటే అదుపు తప్పింది, అని ఎంచితే ఇన్సిడెంట్ రిపోర్ట్‌గా ఆఫీసుకు చేరుతుంది. నెలలో అలాంటివి మూడైతే సీటు తీసేస్తారు. ఎలెని మీద నేను అప్పటికే రెండు పెట్టాను. పెట్టకపోతే, రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే నా మీదికి వస్తుందని భయం.

“ఏమ్మా, నువ్వు రాసేది రిపోర్టా, ఎఫ్‌ఐఆరా?” అనేవారు మా లీడ్ టీచర్ సుజాతగారు. “నాలుగేళ్ల పిల్ల గెంతక నువ్వూ నేనూ గెంతుతామా?”

రెండో రిపోర్ట్ అందిన సాయంత్రం యాయా నా దగ్గర ఆగి, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చెప్పింది. “మా భాషలో దీనికి చాలా మాటలున్నాయి. హుషారు ఒంట్లో ఆగని పిల్ల జోయిరీ. చెప్పింది వినని పిల్ల ఆతక్తి. కళ్లెం పడనిది అతీథసి. మా ఎలెని వీటిలో ఏది?”

“జోయిరీ,” అన్నాను.

ఆవిడ నా చెయ్యి నొక్కి వెళ్లిపోయింది.

తర్వాతి వారం, మధ్యాహ్నం పిల్లలు పడుకునే న్యాప్ టైమ్‌లో, సుజాతగారు భోజనానికి వెళ్లారు. ఎలెని లేచి చిన్న మంచాల మధ్య గుర్రంలా గెంతింది. “వాకింగ్ ఫీట్, ఎలెనీ,” అన్నాను, గెంతకుండా నడవమని. ఆగింది, నవ్వింది, మళ్లీ గెంతింది. ఒక పిల్లవాడు ఉలిక్కిపడి లేచి ఏడ్చాడు. దెబ్బ ఎవరికీ తగల్లేదు. సరిగ్గా అప్పుడే గోడ అవతల కూడా ఏడుపు. ఫోన్‌లో రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. నా వేలు ‘అన్‌రూలీ’ మీదికి వెళ్లింది.

“పంపేశావా?” అన్నారు సుజాతగారు వచ్చి.

“పంపేశానండీ.”

“నేనొచ్చేదాకా ఆగలేకపోయావా తల్లీ. అది వెనక్కి రాదు.”

మర్నాడు ఆఫీసుకు వెళ్లి, ఆ పిల్ల ఊరికే గెంతిందంతే అని చెప్పాను. రికార్డులో మీరు అలా పెట్టలేదు కదా అన్నారు.

శుక్రవారం యాయా వచ్చి ఎలెని దుప్పటి, బొమ్మల కాగితాలు సంచిలో సర్దుకుంది. అరవలేదు. తలుపు దగ్గర ఆగి, “నాతో అన్న మాట వాళ్లతో అనలేదేం?” అంది. ఎలెని అప్పటికే గెంతుకుంటూ కారు వైపు వెళ్లిపోయింది. ఆవిడ కుంటుతూ వెనకే వెళ్లింది.

ఇప్పుడు నేనే లీడ్ టీచర్‌ని. కొత్తగా చేరినవాళ్లకు, పిల్ల ఎలాంటిదో కాదు, ఏం చేసిందో రాయండి అని చెబుతాను. మీ గుండె దడ తగ్గాకే రాయండి అని కూడా. మా పాపకు నాలుగేళ్లు వచ్చాయి. సోఫా మీంచి కిందికి దిగదు, దూకుతుంది. పాప టీచర్ నుంచి నోట్ వచ్చిందని ఫోన్ మోగినప్పుడల్లా, తెరిచే ముందు, ఆ మాట ఎంచిన చెయ్యి ఎంత భయపడి ఉందో అనుకుంటాను.