పెద్దమ్మ గోడ మీది నీలం బొమ్మ

పోయిన వారం పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఒరే, ఇంటికి సున్నం ఏత్తన్నాం. గోడ మీదవన్నీ దింపేసేం. నీ బొమ్మ ఎక్కడెట్టమంటావు?" అని అడిగింది. పొయ్యిలో పెట్టెయ్యమన్నాను. అంతే, ఫోన్‌లోనే చెడామడా తిట్టింది. విశాఖపట్నంలో నా ఉద్యోగమే అలాంటి బొమ్మలతో. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి వాటిని చదవడం నేర్పేది కూడా నేనే. కానీ ఆ ఒక్క బొమ్మ మాటెత్తితే చాలు, ఇన్నేళ్ళ తర్వాత కూడా నా చెవులు వేడెక్కుతాయి. పెద్దమ్మ ఇంటికి వెళ్ళినప్పుడల్లా దానికి వీపు పెట్టి కూర్చోవడం నాకు అలవాటైపోయింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. వాళ్ళ ఊరు అరకులోయ దాటాక, జీపు దిగి గెడ్డ, అంటే కొండ వాగు, వెంబడి కొంతసేపు నడిస్తే వస్తుంది. హైస్కూలు చదువంతా నేను ఆవిడ ఇంట్లోనే ఉండి చదివాను. కాఫీ తోట, కాసిని రాగులు, రెండు ఆవులు, గట్టి గొంతు, ఇవీ ఆవిడ ఆస్తి. సంతలో మిరియాలు బేరమాడితే కొనేవాడు చెమటలు కక్కేవాడు. మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు నలుగురికీ చెప్పుకోవచ్చు. సాక్ష్యం అంటారు దాన్ని. పెద్దమ్మ ఆ ఆనవాయితీని పేపరు నడిపినట్టు నడిపేది. నేను పదో తరగతి పాసైనా సాక్ష్యమే, నాకు టైఫాయిడ్ తగ్గినా సాక్ష్యమే, ఆవు ఈనినా సాక్ష్యమే. ఇంజనీరింగ్‌లో సీటు వచ్చినప్పుడైతే పాస్టరుగారి ప్రసంగం కన్నా ఆవిడ సాక్ష్యమే పొడుగైంది. నేను వెనక బెంచీలో తల దించుకుని గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను.

నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా, కింద మైదానం నుంచి ఎవరో మా చర్చికి పెద్ద ఇత్తడి గంట కానుకగా పంపారు. దాన్ని ఎక్కడ కట్టాలన్నది పెద్ద తగువైపోయింది. సంఘపెద్ద ఒకాయన పక్కనున్న పనస చెట్టు కొమ్మకి కట్టేద్దామన్నాడు. పెద్దమ్మ వింటేనా! ఇనుప స్టాండు కట్టాల్సిందే, లెక్క మా గుంటడు చూస్తాడు అంది. గుంటడంటే కుర్రాడు, అంటే నేనే. నాకూ ప్రాజెక్టుకి ఏదో ఒకటి కావాలి. నాలుగు ఇనుప కాళ్ళు, పైన అడ్డంగా ఒక దూలం, దానికి వేలాడే గంట. కాలేజీ కంప్యూటర్లో దాన్ని కట్టి చూపిస్తానని ఒప్పేసుకున్నాను.

ఈ పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ ఎనాలిసిస్ అన్న పేరు పెద్దదే గానీ, మూలం మా కొండల్లో ఎవరైనా ఊహించుకోగలిగిందే. కొండ వాలు వంకరటింకరగా ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు దున్నలేం. అందుకని మెట్లు మెట్లుగా మడులు కట్టుకుంటాం. ఏ మడికి ఆ మడి చదునుగా ఉన్నా, దూరం నుంచి చూస్తే అన్నీ కలిసి కొండ వాలులాగే కనిపిస్తాయి. మడులు చిన్నవయ్యేకొద్దీ కొండ ఆకారానికి దగ్గరవుతాయి. ఈ విద్యలోనూ అంతే. పెద్ద వస్తువు ఎక్కడెక్కడ ఎంత వంగుతుందో ఒక్కసారిగా తేల్చలేం కనక, దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తాం. ఒక్క ముక్క లెక్క తేలిక. ముక్కలు కలిసే చోటుని నోడ్ అంటారు. రెండు మడులకీ గట్టు ఒకటే అయినట్టు, ఇరుగుపొరుగు ముక్కలకి నోడ్ ఉమ్మడి. అది ఎంత జరిగితే దాన్ని పట్టుకున్న ముక్కలన్నీ అక్కడ అంతే జరగాలి. ఇక కాళ్ళు ఎక్కడ బిగించామో, బరువు ఎక్కడ ఎటు లాగుతోందో మనం చెప్పాలి. అప్పుడు కంప్యూటరు అన్ని ముక్కల లెక్కలూ కలిపి విప్పి, ఎక్కడ ఎంత ఒత్తిడి ఉందో రంగుల్లో చూపిస్తుంది. మా ప్రోగ్రాంలో నీలం అంటే నిశ్చింత, ఎరుపు అంటే గండం. పెద్దమ్మకి ఇదంతా వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని చెప్పాను. "అయితే సెప్పింది సెప్పినట్టు సేత్తాదన్నమాట. కొత్త కోడలు లాగ," అంది.

కంప్యూటర్లో గంట బరువుని కిందికి లాగేలా వేశాను. స్టాండంతా నీలం! ఎక్కడా ఎర్ర చుక్క లేదు. రంగుల్లో ప్రింటు తీసి క్రిస్మస్‌కి తీసుకెళ్ళాను. ఆవిడ దాన్ని అరకులో ఫోటో స్టూడియోకి పట్టుకెళ్ళి ఫ్రేము కట్టించి, యేసు శిష్యులతో కూర్చున్న ప్రభురాత్రి భోజనం పటం పక్కన తగిలించింది. వచ్చిన ప్రతివాడికీ చూపించడమే. ఆ ఆదివారం దాన్ని చర్చికి మోసుకెళ్ళి, "మా గుంటడు గంటని కంప్యూటర్లో ఏలాడదీసి సూసేడు, ఏటీ అవదంట!" అని సాక్ష్యం చెప్పింది. చెట్టు కొమ్మ అన్న పెద్దాయన నోరు మూతపడింది. సంఘం ఇనుము కొంది. నా డ్రాయింగు ప్రకారం స్టాండు కట్టేశారు. గంట ప్రతిష్ఠకి ఒక ఆదివారం ఖాయం చేశారు.

సరిగ్గా దానికి ముందు రోజే కాలేజీలో నా ప్రాజెక్టు వైవా, అంటే నోటి పరీక్ష. పరీక్ష చేస్తున్న మేడమ్ నా నీలం బొమ్మని చాలాసేపు చూసి, "బరువు ఎటు వేశావు?" అని అడిగింది. "కిందికి మేడమ్." "బాగుంది. మరి గంట మోగించేటప్పుడు?" అప్పుడు తట్టింది. మోగే గంట ఊరికే వేలాడదు కదా! తాడు పట్టి లాగితే అటూ ఇటూ ఊగుతుంది, స్టాండుని పక్కకి గుంజుతుంది. ఆ పక్క లాగుడు నేను వెయ్యనే లేదు. నేను అడగలేదు కనక కంప్యూటరు చెప్పలేదు. సాయంత్రం ల్యాబులో కూర్చుని పక్కకి లాగే బలం కూడా వేసి చూశాను. కాళ్ళ అడుగున నాలుగు చోట్లా ఎరుపు. ఐమూల కడ్డీలు ఒక్కటి కూడా లేని స్టాండు, ఊగకేం చేస్తుంది! అప్పట్లో పెద్దమ్మ ఊళ్ళో ఫోన్ లేదు. పొద్దున్నే అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలెక్కాను. దారిలో వచ్చే కొండ సొరంగాల్లో ప్రతి చీకట్లోనూ నాకు ఆ ఎరుపే కనిపించింది.

నేను చర్చికి చేరేసరికి ఆరాధన చివరికి వచ్చేసింది. బయట స్టాండుకి బంతిపూల దండలు కట్టారు. సండే స్కూలు పిల్లలు తాడు పక్కన వరసగా నిలబడ్డారు. మొదటి గంట పిల్లలచేత కొట్టించాలన్నది పెద్దమ్మ ఏర్పాటే. ఆవిడ కొత్త చీర కట్టుకుని ముందు వరసలో వెలిగిపోతోంది. వంగి చెవిలో చెప్పాను. గంట కొట్టొద్దు పెద్దమ్మా, నా లెక్క తప్పు అని. ఆవిడ మొహం పాలిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇప్పుడు సెప్పకురా. నీకు దండం ఎడతాను. అందరి ముందూ నా పరువు తియ్యకు. ఈ ఒక్క పూట కొట్టనియ్యి, రేపు సెప్పు," అంది. నా చేతిని విడిపించుకున్నాను. గంట కొట్టించే ముందు సాక్ష్యాలు ఎవరైనా చెప్తారా అని పాస్టరుగారు అడిగితే లేచి నిలబడ్డాను. ఏం చెప్పానో మాటలు గుర్తులేవు. నా లెక్క తప్పని, గంట కొట్టొద్దని మాత్రం చెప్పేశాను. చెట్టు కొమ్మ పెద్దాయన వెనక నుంచి, "నేను ఆవేల సెప్తే ఇన్నారేటి?" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత బెంచీ బెంచీ నవ్వింది. పెద్దమ్మ కొంగు మొహానికి కప్పుకుంది. భూమి చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది.

ఆ సాయంత్రం ఆవిడ నాకు అన్నం వడ్డించి ఆవుల దగ్గరికి వెళ్ళిపోయింది. తర్వాత కొన్ని వారాలకి కాళ్ళ మధ్య ఐమూలగా కడ్డీలు అతికారు, గంట మోగింది, ఈనాటికీ మోగుతోంది. కానీ పెద్దమ్మ ముందు వరసలో కూర్చోవడం మానేసింది. సాక్ష్యాలూ మానేసింది. నేను సరిదిద్దిన లెక్క బొమ్మ ప్రింటు తీసి తీసుకెళ్తే, మడిచి బైబిల్లో పెట్టుకుంది. గోడ మీది నీలం బొమ్మని మాత్రం ముట్టుకోనివ్వలేదు. నా తప్పు నాకు గుర్తుచెయ్యడానికే అలా ఉంచిందనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు, అడిగే మొహం లేదు.

ఫోన్‌లో తిట్లు తిన్నాక నిన్న పెద్దమ్మ ఊరు వెళ్ళాను. ఇంటి నిండా పచ్చి సున్నం వాసన. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఆ ఫ్రేము అద్దం కొంగుతో తుడుస్తోంది. లోపల నీలం వెలిసిపోయి పొగ రంగుకి తిరిగింది. "ఇంక దీన్ని వదిలెయ్యి పెద్దమ్మా, నా తప్పుని ఎన్నాళ్ళు చూపిస్తావు?" అనేశాను. ఆవిడ నావైపు వింతగా చూసింది.

"నీ తప్పేటిరా? నువ్వు లేసి సెప్పేసేవు, నీది ఆ పొద్దే అయిపోనాది. తాడు కాడ పిల్లగుంటలు నిలబడ్డారు సూడు, ఆ పొద్దు నా కంటికి ఆళ్ళు అగుపించలేదు. నా పరువే అగుపించింది. రేపు సెప్పమన్నాను నీతోటి. నువ్వు నా మాట ఇనుంటే? అది మర్సిపోకూడదనే ఎట్టుకున్నాను. నాది ఇది, నీది కాదు."

ఇన్నేళ్ళూ ఆ బొమ్మలో నన్ను నేనే చూసుకుని సిగ్గుపడ్డాను. దాన్ని రోజూ తుడిచే మనిషిని ఒక్కసారైనా చూడలేదని తెలిసి, ఇప్పుడు అంతకన్నా సిగ్గేసింది. సున్నం ఆరాక పాత మేకుకే నేనే దాన్ని తగిలించాను. గంట స్టాండుకి కడ్డీలు కట్టించడానికి కొన్ని వారాలు చాలాయి, ఆవిడకి ఎదురుగా కూర్చుని ఒక్క మాట అడగడానికి మాత్రం నాకు సగం జీవితం పట్టింది.